చెలమ పక్కన మాటు

శ్రీకాకుళం,
ఫిబ్రవరి

యుగీ,

నిన్న కోర్టు వరండాలో నేను నిలబడే ఉన్నాను. నువ్వు తల ఎత్తలేదు. పోలీసు నీ చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతుంటే పిలిచాను కూడా. వినబడలేదో, వినబడనట్టు వెళ్ళిపోయావో నీకే తెలియాలి.

బెయిలు ఎందుకు రాలేదో ప్లీడరు గణపతిరావుగారు విడమరిచి చెప్పారు. దుప్పిని కొట్టింది నువ్వేనని నువ్వే ఒప్పుకున్నావు. అక్కడితో ఆగితే ఏదో ఒకటి చేయవచ్చట. కానీ కొండవాగు పక్కన నువ్వు కొమ్మలతో కట్టిన మాటులో ఇద్దరు కూర్చున్న జాడ దొరికింది. రెండు జతల చెప్పుల గుర్తులు, రెండు నీళ్ళ సీసాలు. రెండో మనిషి ఎవరంటే నువ్వు నోరు విప్పడం లేదు. అందుకని అటవీశాఖ వాళ్ళు దీన్ని మాంసం అమ్ముకునే ముఠా పని అంటున్నారు. ఆ మనిషి దొరికేదాకా నిన్ను వదలవద్దని జడ్జిగారిని అడుగుతున్నారు. పేరు చెప్పేస్తే బెయిలుకి దారి దొరుకుతుందని గణపతిరావుగారి మాట.

ఎవడురా వాడు? నిన్ను అడవిలో వదిలేసి ఇంటికి పోయి అన్నం తింటున్నవాడి కోసం నువ్వెందుకు అక్కడ కూర్చోవాలి?

ఊళ్ళో నువ్వు లేని ఇంట్లో రాణిని ఒంటరిగా ఉంచలేక మా ఇంటికి తెచ్చేశాను. ఆరో నెల కదా, ఇక్కడైతే ఆసుపత్రి దగ్గర. రాత్రిళ్ళు నీ మేనకోడలు శ్రావణి పక్కన పడుకుంటోంది. పగలు కిటికీ దగ్గర కూర్చుంటుంది. నిన్ను పట్టుకెళ్ళిన రోజు నుంచి నీ బావ సరిగ్గా మాట్లాడటం లేదు. కానీ రాణికి రోజూ కొబ్బరిబొండం తెస్తాడు, ఆసుపత్రికి తన ఆటోలో తనే తీసుకెళ్తాడు. ఆయనకి ఇంత మెత్తని మనసుందని పదేళ్ళ కాపురంలో నాకు తెలియదు.

అమ్మా నాన్నా పోయాక నాకు పుట్టిల్లంటే నువ్వే. పేరు రాసి పంపు. మిగతాది నేను చూసుకుంటాను.

నీ అప్ప
దుర్గాభవాని


సబ్‌జైలు,
ఫిబ్రవరి

అప్పకి,

కోర్టులో నిన్ను చూశాను. నీలం చీర కట్టుకున్నావు. చూస్తే ఏడుస్తానని తల దించుకున్నాను, అంతే.

ఇక్కడ ఉత్తరం ఆఫీసులో చదివాకే బయటికి పోతుంది, లోపలికి వస్తుంది. ఆ సంగతి గుర్తుపెట్టుకుని రాయి.

ఎందుకు చేశానని నువ్వు అడగలేదు గానీ అడిగినట్టే ఉంది. మన ఉలవచేను నీకు తెలుసు. కొండ కిందనే కదా. ఈ ఏడు కూడా దుప్పులు దిగి గింజ కట్టకముందే మేసేశాయి. డబ్బాలు కట్టి మోగించాను, పాత చీరలు కంచెలాగా కట్టాను. రెండు రోజులు భయపడతాయి, మూడోరోజు చీరల కిందనుంచే వస్తాయి. కొండమీది జోగయ్య తాత చిన్నప్పుడు నాకు నేర్పిన విద్య చేతిలో ఉంది. వాళ్ళ ఊళ్ళో కూడా ఇప్పుడెవరూ విల్లు పట్టడం లేదు, చట్టం ఏమిటో వాళ్ళకి తెలుసు. నాకూ తెలుసు. తెలిసే చేశాను.

వాగు ఎండిపోయాక ఇసకలో చెలమ తవ్వితే నీళ్ళు ఊరతాయి. ఆ నీళ్ళకి అవి వస్తాయి. చెలమకి ఇవతల, గాలి మా మొహాలకి తగిలే వైపు చూసుకుని, పొదని లోపలినుంచి తొలిచి మాటు కట్టాం. బయటికి పొదలాగే ఉండాలి. కొమ్మలు ఎండితే వాటికి తెలిసిపోతుందని రెండోసారి పచ్చివి తెచ్చి కప్పాం. కూర్చుంటే విల్లు అడ్డంగా పట్టుకోవాల్సినంత ఇరుకు. ముందువైపు అరచేయంత సందు.

రెండో మనిషి సంగతి మాత్రం అడగకు. అతను అంబు వెయ్యలేదు. వేసింది నేను. నేను చేసినదానికి నేను ఉన్నాను.

రాణి పాదాలు వాస్తున్నాయా? ఊళ్ళో ఉండగానే కొంచెం వాచాయి. డాక్టరుకి ఆ మాట చెప్పమను. తనకి తానై చెప్పదు. నన్ను చూడటానికి మాత్రం తేవద్దు.

బావని జాగ్రత్తగా చూసుకో.

యుగంధర్


శ్రీకాకుళం,
మార్చి

యుగీ,

బెయిలు రెండోసారి కూడా కొట్టేశారు. గణపతిరావుగారు ఈసారి నాతో మాట్లాడుతూ ఫైలు మూసేశారు. ఆయన్ని తప్పుపట్టను. నోరు లేనివాడి తరఫున ఎంతసేపు మాట్లాడతారు?

రాణికి బీపీ ఉంది. పాదాలే కాదు, పొద్దున లేచేసరికి మొహం కూడా ఉబ్బుతోంది. ఉప్పు మానెయ్యమన్నారు, మాత్రలు ఇచ్చారు. వారం వారం చూపించుకోవాలి, ఏ క్షణాన తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా వెంటనే తీసుకురమ్మన్నారు. ఆసుపత్రి పక్కన ఉన్నాం కాబట్టి భయం లేదు. అయినా నాకు భయంగానే ఉంది. రాణి నీ పేరు ఎత్తదు. నీ చొక్కా ఒకటి సంచిలో పెట్టుకుని తెచ్చుకుంది, అది ఉతకనివ్వడం లేదు.

నువ్వు చెప్పకపోతే నేనే కనుక్కుందామని మొన్న ఊరు వెళ్ళాను. ఇంటింటికీ తిరిగాను. ఎవరూ పెదవి విప్పలేదు. చివరికి కొండెక్కి జోగయ్య తాత దగ్గరికి పోయాను. విల్లు నేర్పింది అతనే కదా, పక్కన కూర్చున్నదీ అతనేనని నాకు గట్టిగా అనిపించింది. వాకిట్లో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. నీ వల్లే నా తమ్ముడు జైల్లో ఉన్నాడన్నాను. ముసలాయన మంచం మీంచి లేవలేకపోతున్నాడని అతని కోడలు అన్నాక గానీ చూడలేదు, కాలు విరిగి కట్టు ఉంది. సంక్రాంతికి ముందే పడ్డాడట. మరి ఆయన ఎలా వస్తాడు వాగుకి? దిగి వచ్చేశాను. క్షమించమని అడగడానికి కూడా నోరు రాలేదు.

ఇంక ఎవర్ని తిట్టాలి నేను? నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. రాణికి ఎనిమిదో నెల వచ్చేస్తోంది. పురిటి వేళకి నువ్వు లేకపోతే ఆ పిల్ల తట్టుకోలేదు. ఇది బెదిరింపు కాదు, కళ్ళారా చూస్తున్నాను. ఆ మనిషికి పెళ్ళాం పిల్లలు లేరా? వాళ్ళమీద జాలి ఉంటే నీ పెళ్ళాం మీద లేదా?

నీ బావతో ఈ మాటే అంటే లేచి బయటికి వెళ్ళిపోయాడు.

అప్ప


సబ్‌జైలు,
మార్చి చివర

అప్పకి,

తాత దగ్గరికి మళ్ళీ వెళ్ళి క్షమించమని అడుగు. నాకోసం ఈ పని చెయ్యి. ఆయన నేర్పిన వాటిలో ఒక్కటి వినుంటే నేనిక్కడ ఉండేవాణ్ణి కాదు. కాలు కదిపే జంతువు మీద అంబు వదలకూడదని చెప్పేవాడు.

నీకు జరిగింది చెబుతాను. పేరు చెప్పలేను గానీ ఇది చెప్పగలను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

తెల్లవారకముందే మాటులో కూర్చున్నాం. ఎండ పొడ వాగు అవతలి గట్టు మీద పడేసరికి మూడు వచ్చాయి. రెండు తాగి పోయాయి. మూడోది నీళ్ళలో మూతి పెట్టి ఎత్తి, పెట్టి ఎత్తి, ఎంతకీ తాగదు. నేను నారి లాగి పట్టుకుని ఉన్నాను. ఇంక పట్టుకోలేక వదిలాను. సరిగ్గా అప్పుడే అది ఒక అడుగు ముందుకు వేసింది. పక్కటెముకల్లో తగలాల్సింది వెనక్కి, పొట్టలో దిగింది. అరవలేదు. నడుచుకుంటూ పోయినట్టే గట్టెక్కి పోయింది.

తోడు వచ్చినవాడు పోనీ అన్నాడు. ఇంక దొరకదు, వెళ్ళిపోదాం అన్నాడు. అతను చెప్పింది వింటే సరిపోయేది. కానీ పొట్టలో అంబుతో పోయిన జంతువు తొందరగా చావదు. ఎక్కడో పొదలో పడి రోజుల తరబడి చస్తుంది. నేను చేసిన పని నేనే పూర్తి చెయ్యాలి కదా. ఆకుల మీద నెత్తురు చూసుకుంటూ పోయాం. బండరాయి మీద ఒక చుక్క, తర్వాత చాలా దూరం ఏమీ లేదు. మళ్ళీ వెనక్కి వచ్చి వెతికేవాళ్ళం. ఎండ నెత్తి మీదికి వచ్చి దిగిపోయింది. అప్పుడు కనబడింది, పాయలో, తుప్పల నీడలో పడుకుని ఉంది. తల ఎత్తి నా వైపు చూసింది. లేవలేకపోయింది.

విల్లు నా చేతిలో ఉంది, రెండో అంబు ఉంది. చెయ్యి రాలేదు. అది నీళ్ళు తాగకుండానే వచ్చేసిందని అప్పుడు గుర్తొచ్చింది. తోడు వచ్చినవాడు దానికి నీళ్ళు తేవడానికి చెలమకి వెళ్ళాడు. నేను దాని పక్కన కూర్చున్నాను. కాసేపటికి ప్రాణం పోయింది. గార్డులు నెత్తురు జాడ పట్టుకునే వచ్చారు. నేను పరిగెత్తలేదు. అతను నీళ్ళతో తిరిగి వచ్చేలోపే అంతా అయిపోయింది. అందులో అతని తప్పేం లేదు. మంచివాడు.

రాణిని పట్నంలోనే ఉంచు. పుట్టింటికి పోతానన్నా పోనివ్వకు. శ్రీముఖలింగం నుంచి ఆసుపత్రికి దూరం.

యుగంధర్


శ్రీకాకుళం,
ఏప్రిల్

యుగంధర్,

నీ ఉత్తరం అందింది.

రాణి శ్రీముఖలింగంలో వాళ్ళమ్మ దాలమ్మత్త దగ్గర ఉంది. అత్త చూసుకుంటోంది. దిగులు పెట్టుకోకు.

బెయిలు సంగతి గణపతిరావుగారు చూస్తున్నారు. ఆరోగ్యం జాగ్రత్త.

దుర్గాభవాని


సబ్‌జైలు,
ఏప్రిల్

అప్పకి,

ఏమైంది?

నువ్వు నాకు ఇలా ఎప్పుడూ రాయలేదు. నన్ను పూర్తి పేరుతో పిలవవు. శ్రీముఖలింగం ఎందుకు పంపావు? పంపవద్దని రాశాను కదా. బీపీ ఎలా ఉంది? మాత్రలు వేసుకుంటోందా? నెలలు నిండుతున్నాయి. నొప్పులు వస్తే అక్కడినుంచి ఎవరు తీసుకొస్తారు? బావ ఆటో అక్కడ పెట్టి ఉంచాడా?

బావ ఎలా ఉన్నాడు? నువ్వు ఆయన మాట ఒక్కటి కూడా రాయలేదు.

నేను రాసిన ఉత్తరం నువ్వు ఒక్కదానివే చదివావా? ఎవరికైనా చదివి వినిపించావా?

ములాఖత్‌కి వారం వారం నా పేరు పిలుస్తారేమోనని చూస్తున్నాను. పక్కవాళ్ళకి ఎవరో ఒకరు వస్తున్నారు. రాకపోయినా ఫరవాలేదు, రాయి. ఏదైనా సరే రాయి. ఇక్కడ ఏమీ తెలియకపోవడం కంటే ఏదైనా నయం.

యుగీ


శ్రీకాకుళం,
మే

యుగీ,

ఏదైనా సరే రాయమన్నావు. రాస్తున్నాను. ఎక్కడైనా కూర్చుని చదువు.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం శ్రావణి ట్యూషన్‌కి వెళ్ళింది. రాణి మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. నీ బావ గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు. రాణి అడిగితే పైకి చదివాను. దుప్పి తల ఎత్తి చూసిందన్న దగ్గర ఒకసారి ఆగాను. మళ్ళీ చదివాను. తోడు వచ్చినవాడు దానికి నీళ్ళు తేవడానికి చెలమకి వెళ్ళాడని చదివాను.

"నీళ్ళకి కాదు," అన్నాడు నీ బావ.

ఏమిటో అర్థం కాక అతని వైపు చూశాను.

"నీళ్ళకి ఎల్లనేదు. గోనిసంచికి ఎల్లేను. బండి కాడ గార్డుల జీపు సూసేను. ఈల ఎయ్యాలనుకున్నాను. ఎయ్యనేదు."

అంతే అన్నాడు. మంచివాడని నువ్వు రాసిన మాట ఇంకా చదవనేలేదు నేను. ముందు మాట్లాడింది రాణి. గొంతు పెంచలేదు.

"అన్నియ్యా, మరిన్నాళ్ళూ నాకు బొండాలెందుకు తెచ్చేవు?"



తర్వాత నేను గుచ్చి గుచ్చి అడిగితే మిగతాది చెప్పాడు. ఉలవచేను కోసం కాదట కదా. భోగాపురం వైపు కడుతున్న విమానాశ్రయం పనుల్లో ఒక సూపర్వైజరు ఇంట్లో విందుకి దుప్పి మాంసం తెస్తే డ్రైవరు పని ఇప్పిస్తానన్నాడట. ఏడాదిగా ఆటోకి కిరాయిలు లేవని నీ దగ్గర ఏడిస్తే నువ్వు విల్లు దింపావట. నువ్వు నాకు అదైనా చెప్పలేదు. నా కాపురం నిలబెడదామనుకున్నావు. నీ కాపురం ఎవరు నిలబెడతారనుకున్నావు?

మర్నాడు పొద్దున రాణి సంచి సర్దుకుంది. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. ఆసుపత్రి ఇక్కడుంది, పురుడయ్యేదాకా ఉండు, తర్వాత నా మొహం చూడవద్దు అన్నాను. "ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా దిగవు వొదినా," అంది. బలవంతంగా ఆపాల్సింది. దాలమ్మత్తకి ఫోను చేసి బస్సు ఎక్కించాను. ఎక్కించింది నేనే.

నీ బావ రేపు పోయి ఆఫీసులో చెప్పేస్తానన్నాడు. రేపు రేపు అంటూ వారం గడిపాడు. ఒకరోజు పొద్దున లేచేసరికి ఆటో లేదు. భోగాపురం పోయాడని, ఆ సూపర్వైజరు దగ్గరే పనిలో చేరాడని తర్వాత తెలిసింది. మాంసం ఇవ్వకపోయినా పని ఇచ్చాడన్నమాట.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం దాలమ్మత్త ఫోను చేసింది. రాణికి పొద్దుటి నుంచి తల పగిలిపోతోందట, ఎవరికీ చెప్పలేదు. ఫిట్స్ వచ్చాయి. అత్త ఆటో పిలిచి బయల్దేరింది. దారిలో ఇంకోసారి వచ్చాయి. నేను ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. డాక్టర్లు చేయవలసినదంతా చేశారు యుగీ. రాణిని బతికించారు. పాప లోపలే పోయింది. ఆడపిల్ల. నిండుగా ఉంది, జుట్టు చాలా ఉంది. నేను ఎత్తుకున్నాను. నీ వైపు వాళ్ళం ఎవరో ఒకరం ఎత్తుకోవాలి కదా అనిపించింది.

నీకు ఆ పొట్టి ఉత్తరం రాసింది ఇది జరిగిన మూడోనాడు. కలం పట్టుకుంటే అంతకంటే రాలేదు. అక్కడ నలుగురి మధ్య ఈ మాట చదివి నువ్వేమైపోతావోనని దాచాను. నువ్వు నాకోసం దాచావు, నేను నీకోసం దాచాను. మధ్యలో ఆ పిల్ల పోయింది. ఇంక నేను ఏదీ దాచను.

ఆసుపత్రి నుంచి రాణిని వాళ్ళమ్మ తీసుకెళ్ళిపోయాక నేను ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా అటవీశాఖ ఆఫీసుకి వెళ్ళాను. రెండో మనిషి మురళీమోహన్ అని చెప్పాను, నా భర్త అని చెప్పాను. ఎక్కడ పని చేస్తున్నాడో కూడా చెప్పాను. వాళ్ళు రాసుకున్నారు, నేను సంతకం పెట్టాను. అక్కడి ఆయన, అమ్మా మంచినీళ్ళు తాగుతారా అని అడిగాడు. వద్దన్నాను.

వాళ్ళు నీ బావని పట్టుకునే ఉంటారు ఈపాటికి. అతనికి పాప సంగతి తెలియదు. నేను చెప్పలేదు, చెప్పేంత దగ్గరగా అతని మొహం చూడలేను. శ్రావణి నాన్న ఏడని అడుగుతోంది. నాన్న తప్పు చేశాడు, దానికి లెక్క అప్పజెప్పడానికి వెళ్ళాడని చెప్పాను. ఎప్పుడొస్తాడంటే తెలియదన్నాను.

జోగయ్య తాత దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాను. నా తల మీద చెయ్యి పెట్టాడు.

బెయిలు అర్జీ మళ్ళీ వేశారు. ఈసారి వస్తుందని గణపతిరావుగారు అన్నారు. ఆ మాట విని నాకు సంతోషం రాలేదు. ఇంకెందుకు అనిపించింది. అలా అనిపించినందుకు నన్ను నేనే అసహ్యించుకున్నాను.

నన్ను తిట్టాలనుకుంటే తిట్టు. రాయడం మాత్రం మానకు.

అప్ప


సబ్‌జైలు,
మే

అప్పా,

ఉత్తరం ఇచ్చిన వార్డరు అది ముందే చదివాడు కదా. నా చేతికి ఇస్తూ, కూర్చో బాబూ అన్నాడు. అతను అలా అనగానే నాకు తెలిసిపోయింది. అయినా చదివాను. పాపకి జుట్టు చాలా ఉందన్న దగ్గర ఆగిపోయాను. ఆ రోజుకి అంతకంటే చదవలేదు. మిగతాది మర్నాడు చదివాను.

నువ్వు పేరు చెప్పావని చదివితే కోపం రావాలి. ఇన్ని నెలలు ఆ పేరు బయటికి రాకుండా పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నవాణ్ణి. రాలేదు. ఎవరి మీదా ఏమీ రావడం లేదు నాకు. మొదటి రోజే చెప్పేసి ఉంటే రాణి నీ ఇంట్లోనే ఉండేది, నేను పక్కన ఉండేవాణ్ణి అని ఒకటే తిరుగుతోంది. నేను చేసింది త్యాగం అనుకున్నాను అప్పా. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను.

బావని నిన్న సాయంత్రం ఇక్కడికే తెచ్చారు. మా గదిలోనే వేశారు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనకనుంచి నెడితే లోపలికి వచ్చి ఆ చివర గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అన్నం పెట్టినా కదల్లేదు. నేను నా కంచం పట్టుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను. చివరికి తనే పురుడు మాట ఎత్తాడు.

"రాణి నీళ్ళాడిందేటి?"

బాగానే ఉందని అనబోయాను. నోటి చివరిదాకా వచ్చింది ఆ మాట. నీ ఉత్తరం జేబులో ఉంది.

"ఆడపిల్ల బావా. పోయింది," అన్నాను.

అతను మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు. నేను ఓదార్చలేదు. అతన్ని క్షమించానని నీకు రాయలేను, అది అబద్ధం అవుతుంది. లేచి అవతలికి పోవాలని కూడా అనిపించలేదు. అలాగే ఇద్దరం కూర్చున్నాం. అన్నం చల్లారిపోయాక తిన్నాం.

ఇవాళ మధ్యాహ్నం బెయిలు వచ్చిందని చెప్పారు. కాగితాలు అందాక వదులుతారు. నువ్వు గేటు దగ్గరికి రావద్దు. నీ మీద కోపం కాదు. నీ మొహం చూస్తే నేను అక్కడే పడిపోతాను, ఇంక ఎక్కడికీ వెళ్ళలేను. నేను ముందు శ్రీముఖలింగం వెళ్ళాలి.

రాణికి నేను వస్తున్నానని చెప్పకు. చెబితే రావద్దంటుందేమో. రావద్దన్నా వెళ్తాను. లోపలికి రానివ్వకపోతే దాలమ్మత్త అరుగు మీద కూర్చుంటాను. తను తలుపు తీసేదాకా కూర్చుంటాను. తీస్తే ఏమని చెప్పాలో నాకు తెలియదు. నీకేమైనా తోస్తే దాలమ్మత్త ఇంటి చిరునామాకి రాయి.

యుగీ